వీపు కనబడే సీను

"అన్నట్టు, నువ్వు సరేనన్నావని చెప్పేశాను," అన్నారు మా ఆయన, నేను సింకు మీదికి వంగి గిన్నెలు తోముతుండగా.

దేనికి సరేనన్నానో నాకు తెలియదు. కుళాయి కట్టేసేసరికి ఆయన ముందు గదిలో తువ్వాలు ముసుగేసుకుని ఆవిరి పడుతున్నారు. గొంతు కోసం రోజూ పొద్దున్నే ఆవిరి. నీళ్లు కాచేది నేను, ఆవిరైపోయేది నేను, పట్టేది మాత్రం ఆయన. మిగతా వార్త ముసుగులోంచే చెప్పారు. మేమిద్దరం తెలుగులో గొంతులిచ్చే ఆ హిందీ జంట ఏడేళ్ల తర్వాత మళ్లీ కలిసి నటించారట. హీరోకి ఎప్పటిలాగే ఈయన. హీరోయిన్‌కి ఎవరో ఇరవై నాలుగేళ్ల కొత్తమ్మాయి. నాకు హీరో తల్లి గొంతు.

"పాత్ర చిన్నదే అయినా బరువైనదట," అన్నారు. బరువైన పాత్రలు నాకు కొత్తా? అప్పటికి నా చేతిలో కుక్కరుంది.

ఆ జంటకి పదకొండు సినిమాల్లో గొంతులిచ్చాం. వాళ్లు పదకొండుసార్లు ప్రేమలో పడి పదకొండుసార్లూ లేచారు. మేము ఒక్కసారి పెళ్లిలో పడ్డాం, ఇప్పటికీ లేవలేదు. తెరమీద వాళ్ల జంట, తెరవెనక నా తంటా. చూసినవాళ్లు "ఎంత బాగా కలిశాయండీ మీ గొంతులు" అనేవారు. నిజానికి మేమిద్దరం ఆ గదిలో ఒక్కసారి కూడా కలిసి నిలబడలేదు. నేను పొద్దున వెళ్లి హీరోయిన్ మాటలన్నీ గాలితో చెప్పుకుని వచ్చేదాన్ని. ఆయన మధ్యాహ్నం వెళ్లి, హెడ్‌ఫోన్స్‌లో నా మాటలు వింటూ వాటికి జవాబులు చెప్పేవారు. కళ్లు మూసుకుని, తల ఊపుతూ, నా ఊపిరి ఒక్కటి కూడా వదిలెయ్యకుండా వినేవారట. ఇంట్లో అదే గొంతుకి పేపరు వెనకనుంచి "ఊఁ" వచ్చేది. ఓసారి గరిటెని మైకులా పట్టుకుని మాట్లాడి చూశాను. "కూర మాడుతోంది చూడు," అన్నారు.

మా అత్తగారు ఇంటికొచ్చిన వాళ్లకి మమ్మల్ని ఇలా పరిచయం చేసేవారు: "వాడిది కళ. దీనిది నోరు."

ఇంతకీ ఆ హీరోయిన్ నాకంటే ఏడాది పెద్ద. ఆవిడ నోట్లో ఇరవై నాలుగేళ్ల గొంతు పెట్టి, నన్ను హీరోకి తల్లిని చేశారు. హీరో గొంతు మా ఆయనదే కాబట్టి, ఇరవై మూడేళ్ల కాపురం తర్వాత నాకు పైమెట్టు దొరికినట్టే, మొగుడికి అమ్మనయ్యాను. ఆ ఉద్యోగం జీతం లేకుండా ఎప్పటినుంచో చేస్తున్నాననుకోండి.

"నన్ను అడగకుండా ఎలా చెప్పారు?" అన్నాను.

"అడిగానుగా నిన్న. నువ్వేమీ అనలేదు."

"నిన్నా గిన్నెలే తోముతున్నాను. వినబడలేదు."

"అటు తిరిగి నిలబడితే నీ మొహంలో ఏముందో నాకేం తెలుస్తుంది? అనలేదంటే సరేనన్నట్టేగా." తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. "ఇంకో మాట. ముందు హీరోయిన్ మాటలన్నీ నువ్వే చెప్పి పెట్టు. నీ గొంతు వింటేగానీ నాకు ఊపు రాదని తెలుసుగా. ఆ పిల్ల కూడా విని నేర్చుకుంటుంది. అందరి పనీ అయ్యాక నీది చెరిపేస్తారు."

ఎంత తేలిగ్గా అన్నారో. సింకు గట్టు మీద నీళ్లు తుడిచెయ్యమన్నట్టు.

స్టూడియోకి వెళ్లే దారంతా కాలు ఒకచోట నిలవలేదు. తాళం వేశానా అని వీధి చివరినుంచి వెనక్కి వెళ్లి చూశాను. వేసే ఉంది. బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. కోపమైతే గుర్తుపట్టేదాన్ని, దానితో పాత పరిచయమే. ఇది వేరు. 

మా గదిలో తెర ముందుంటుంది, మైకూ దానివైపే. వెనక గాజు అద్దం, దాని అవతల సౌండ్ ఇంజనీరు, మేనేజరు. మా పనిలో ఒక పద్ధతుంది. పెదాలు కనబడితే పెదాలకి కట్టుబడాలి. వీపు కనబడితే దేనికీ కట్టుబడక్కర్లేదు. "వీపు వచ్చిందంటే వరమే వదినగారూ, ఏ మాటైనా అతికించెయ్యొచ్చు," అంటాడు మేనేజరు. అలా పదకొండు సినిమాల్లో ఆవిడ అటు తిరిగినప్పుడల్లా నా కాగితం మీద "సరేనండీ", "మీ ఇష్టమండీ", "తప్పు నాదేనండీ" అని ఉండేవి. హిందీలో అక్కడ ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడం హెడ్‌ఫోన్స్‌లో నాకు స్పష్టంగా వినబడేది. పని కదా అని, ఓ వెక్కు కూడా కలిపి మరీ పూడ్చేసేదాన్ని.

ఆ రోజు చివరి సీను ముందు పెట్టారు. గుమ్మంలో హీరో, "జరిగింది మర్చిపో, ఇంటికొచ్చెయ్" అంటాడు. ఆవిడ అతన్ని కాసేపు చూసి, అటు తిరిగి, పొడుగాటి వరండాలో నడుచుకుంటూ వెళ్లిపోతుంది. హిందీలో చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నా కాగితం మీద మాత్రం, "వస్తానండీ, నాకు కాస్త టైమివ్వండి."

ఆవిడ అటు తిరిగింది. నేను నోరు తెరవలేదు.

"అమ్మా, మాట పడలేదు," అన్నాడు ఇంజనీరు. మళ్లీ వేశాడు. మళ్లీ ఆవిడ వెళ్లిపోయింది, మళ్లీ నేను ఊరుకున్నాను.

"గొంతు బాగాలేదా వదినగారూ?" మేనేజరు.

"నా గొంతు బాగానే ఉంది. ఆవిడే మాట్లాడలేదు."

"వీపే కదండీ. ఎవరు చూడొచ్చారు?"

అప్పుడు అద్దం అవతలినుంచి మా ఆయన గొంతు వినబడింది. నన్ను వినడానికి మధ్యాహ్నం దాకా ఆగలేక ముందే వచ్చినట్టున్నారు. "మీరు కంగారుపడకండి, ఆవిడ సరేనంటుంది. తల్లి వేషానికీ సరేనంది, దీనికీ అంటుంది."

ఆయనకి కనబడుతున్నది నా వీపు.

మైకు స్టాండు పట్టుకుని, దానితోపాటే అద్దంవైపు తిరిగాను. పెదాలు కనబడేలా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

"నేను సరేననలేదండీ. తల్లి వేషానికీ అనలేదు, చెరిపేసే గొంతుకీ అనలేదు. హీరోయిన్ గొంతు నాదైతే ఆవిడ మాట్లాడినదంతా చెబుతాను, మాట్లాడని చోట ఊరుకుంటాను. కాదంటే బ్యాగు తీసుకుని వెళ్తాను."

అద్దం అవతల మా ఆయన కనబడ్డారు. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఉన్నారు. మొదటిసారి, కళ్లు తెరిచి విన్నారు.

ఇంజనీరు తన మైకు బటన్ నొక్కాడు. "ఇది రికార్డయిందమ్మా. చెరిపెయ్యమంటారా?"

"ఉంచండి," అన్నాను.