పడవలో బిందె

రామసుబ్బమ్మ పుట్టి బుద్ధెరిగినాక పడవ ఎక్కింది లేదు. బళ్ళారి పక్క పల్లెలో పుట్టి, ఆ పక్కే మెట్టింది. ఆ యమ్మ వయసంతా నీళ్ళ కోసం నడవడంలోనే గడిచింది. పొలాల్లోకి తుంగభద్ర కాలువొచ్చి అప్పటికి నిండా అయిదేండ్లు కాలా. ఆ కాలువ రాగానే గుంటూరు వైపు నుంచి వచ్చి, వరి మళ్ళు చేసుకుంటా కోస్తా రైతులు గుడిసెలేసుకున్న పక్క క్యాంపులో ఉండేది సరోజినీదేవి.

సరోజినీదేవి కొడుక్కి సముద్రం పక్క ఊళ్ళో ఒక సంబంధం వచ్చింది. పిల్ల శివపార్వతికి ఇష్టమే, తండ్రికీ ఇష్టమే. నాయనమ్మ నాగలక్ష్మమ్మ మాత్రం, "నీళ్ళు లేని సీమకి పిల్లని పంపను" అని భీష్మించుకుంది. ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట.

"పుట్టినప్పట్నుంచీ ఇక్కడున్న మనిషివి. నువ్వు చెబితే నమ్ముతుందక్కా" అని సరోజినీదేవి బతిమాలి రామసుబ్బమ్మని రైలెక్కించింది. రామసుబ్బమ్మ చంకలో ఇత్తడి బిందె. ఇండుపగింజ అరగదీసి తేర్చిన కాలువ నీళ్ళు పోసి, మూతికి గుడ్డ కట్టింది. ఊరు దాటితే వెంట నీళ్ళుండాల, అది వాళ్ళ పద్ధతి.

రైలు దిగి పడవ రేవుకి పోతే, నాగలక్ష్మమ్మ కూతురింటి నుంచి తిరిగి పోతా అక్కడే కలిసి, ఇద్దర్నీ తన పడవలోనే రమ్మంది. రామసుబ్బమ్మ చెప్పులిడిచి, నీళ్ళు కళ్ళకద్దుకొని ఎక్కి, బిందె ఒళ్ళో పెట్టుకుంది.

పడవ నడిపే బసవపున్నయ్య పడీపడీ నవ్వినాడు. "ఏందమ్మా, కాలవలోకి నీళ్ళు తెచ్చుకున్నావు?"

నాగలక్ష్మమ్మ నవ్వలేదు. "చూశావా సరోజినీ! బంగారం మోసినట్టు నీళ్ళు మోసుకుని తిరుగుతున్నారు. ఇంక నేనడిగేదేముంది?"

సరోజినీదేవి మొహం మాడిపోయింది. బిందెకి దూరంగా జరిగి కూర్చుంది. చేజేతులా సంబంధం చెడగొడితినే అనుకుంది రామసుబ్బమ్మ. అయినా కండ్లు ఊరుకుంటాయా! వడ్ల బస్తాల పడవలు, పొగాకు పడవలు, టెంకాయల పడవలు, తెరచాపలకి తెరచాపలు రాసుకుంటా పోతాండాయి. గట్టున మేడలు, మేడమేడకీ రేవుమెట్లు. ఎంత సిరి!

లాకు దాటగానే పడవల రద్దీలో ఒక ఉప్పు పడవ వచ్చి గుద్దింది. పడవలోని తాగేనీళ్ళ కుండ భళ్ళుమంది. ఇక అక్కడి నుంచి కాలువంతా సముద్రపు నీళ్ళే. మిట్టమధ్యాహ్నం, ఊరు ఇంకా రెండామడలు. నాగలక్ష్మమ్మ నాలుక పిడచకట్టింది. అటు చూసింది, ఇటు చూసింది. బిందె మీద కన్ను పడి మొహం తిప్పుకుంది.

రామసుబ్బమ్మే గుడ్డ విప్పి చెంబు ముంచి ఇచ్చింది. "తాగు తల్లీ."

నాగలక్ష్మమ్మ గటగటా తాగి, ఇంకో చెంబు అడిగింది. "ఏ ఊరివి ఇంత తియ్యటి నీళ్ళు?"

"మాయే. మీ శివపార్వతి మెట్టే ఇంటోళ్ళ మడికి పారే కాలువ నీళ్ళే. అబద్ధం చెప్పనమ్మా, ఎండ ఉండాది, దుమ్ము ఉండాది. నీళ్ళూ ఇప్పుడుండాయి. మోసే అలవాటే పోలేదు నాకు."

"ఆ అలవాటు పోవద్దులే" అని నాగలక్ష్మమ్మ పెదాలు తుడుచుకుంది. "నీలాంటిది పక్కన ఉంటే మా పిల్లకి దాహమేంటి? మాఘంలో ముహూర్తం చూడు సరోజినీ. బసవపున్నయ్యా, ఊళ్ళోకి పోగానే మా ఇసక దొరువులో ఊరే మంచినీళ్ళతో ఈ బిందె నింపించు. తిరుగు ప్రయాణం ఉంది వీళ్ళకి."

దారిలో అందరూ తాగి బిందె ఖాళీ అయింది. రేవులో దిగేటప్పుడు రామసుబ్బమ్మ బిందెకి చెయ్యి చాపేలోపే సరోజినీదేవి చంకకెత్తుకుంది.

"ఖాళీదే కదమ్మే, నేను తెస్తాలే" అంది రామసుబ్బమ్మ.

"ఊరుకో అక్కా" అని ఆవిడ ముందు నడిచింది.