మూడో చెయ్యి

చంద్రవ్వ కుడిచేతి మీద పచ్చబొట్టు నెమలి ఒకటి ఉంది. దానికి ఎదురుగా ఇంకొకటి ఉండాలి, లేదు. పోలీసు యాక్షన్ అయిన ఏడాది తల్లి బుగ్గమ్మ మొదటి నెమలిని పొడిచి, పుండు మానాక రెండోది పొడుస్తానంది. ఆ పుండు మానకముందే జ్వరమొచ్చి కన్నుమూసింది. జంట నెమళ్లు తమ ఇంటి గుర్తు. చచ్చి పైకి పోయినప్పుడు చేతి మీద జోడు చూసే మనవాళ్లు పక్కన జాగా ఇస్తారని బుగ్గమ్మే చెప్పేది. ఇక్కడా ఒంటరి, అక్కడా ఒంటరేనా అని చంద్రవ్వకు ఇన్నేళ్లుగా అదే దిగులు.

ఊరందరికీ పచ్చబొట్లు పొడిచేది, తనకు తాను పొడుచుకోరాదా అంటారు కొందరు. అనడానికేం, నోరుంటే సరి! ఒక చెయ్యి తోలు బిగలాగి పట్టాలి, ఒక చెయ్యి సూదితో పొడవాలి, పొడిపించుకునే చెయ్యి మూడోది. దేవుడు మనిషికి రెండే ఇచ్చాడు. ఆ మూడోదాన్ని తోటి మనిషి దగ్గర పెట్టాడు. చంద్రవ్వకు మొగుడు పోయాడు, పిల్లలు కలగలేదు. తోటి పచ్చబొట్ల ఆడవాళ్లు సూదులు పారేసి కూలికి పోయారు.

పోక ఏం చేస్తారు మరి! తాండూరు బజారులో పౌడర్ల దుకాణం పెట్టినప్పటి నుంచి ఈ పనికి కాలం చెల్లింది. దుకాణం గోడకు ఒక క్యాలెండర్ బొమ్మ. తెల్లటి పిల్ల, చెంపలకు పౌడరు, మణికట్టుకు గడియారం, ఒంటి మీద మచ్చుకైనా పచ్చబొట్టు లేదు. దాన్ని చూసిన ఆడపిల్లలు బజారులో చంద్రవ్వ కూర్చున్న చోటు దాటేటప్పుడు ముంజేతులు కొంగు కింద దాచుకుంటున్నారు. ఆ చేతుల మీది చుక్కలన్నీ ఆమె పెట్టినవే. ఒక్కతీ ఆగి పలకరించదు.

ఒకనాడు రాతి గనిలో పనిచేసే మొగులప్ప వచ్చాడు. పాత క్యాలెండర్ చుట్ట విప్పి, అదే పిల్ల చేతి గడియారం మీద వేలు పెట్టి, ఇది పొడవమన్నాడు. దేవుణ్ని పొడిపించుకోక ఇదేం పిచ్చిరా అని చంద్రవ్వ మందలించింది. కొనుక్కునే రాత ఈ జన్మకు లేదని, ఇదైతే ఎవడూ గుంజుకోడని అతను నవ్వాడు. ముళ్లు ఎక్కడ పెట్టమంటావని అడిగితే, పని విడిచే వేళకు పెట్టమన్నాడు. ఆ మాటకు ఆమెకూ నవ్వొచ్చింది, ఎన్నాళ్లకో.

ఉలి పట్టే చెయ్యి కదా అని ఆమె ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. చివరికి ధైర్యం చేసి అడిగేసింది.

"పైసలొద్దు కొడుకా. నాకొక నెమలి పొడువాలె నువ్వు."

అతను తడబడినా ఒప్పుకున్నాడు. అందరికీ చెప్పినట్టే చీమ కుట్టినట్టుంటదని చెప్పి, ఆమె అతని గడియారం పూర్తి చేసింది. తర్వాత ఎడమచేత్తో తన కుడిచేతి మీద మసితో గీత గీసుకుంది. నెమలి కాస్త కోడిపెట్టలా వచ్చింది. ఏం చేస్తాం!

మొగులప్ప ఒక చేత్తో ఆమె తోలు బిగబట్టి, ఇంకో చేత్తో సూది దించాడు. బండలు పగలగొట్టేవాడే అయినా ఒక్క చుక్క పెట్టి ఆగిపోయాడు.

"నొస్తున్నదా అవ్వా?"

చంద్రవ్వ తలెత్తి అతన్ని చూసింది. ఊరందరినీ నొప్పించింది, ఊరడించింది. తల్లి పోయిన నాడు గానీ మొగుడు పోయిన నాడు గానీ ఆమెను ఈ మాట అడిగినవాళ్లు లేరు. నిజానికి సూది ఆమెకు తెలియనే లేదు.

"నొస్తున్నది కొడుకా," అంది.

అతను చుక్క మీద మెల్లగా ఊదాడు. ఇంకో చుక్క పెట్టి మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే మాట చెప్పింది. ప్రతి చుక్కకూ అడిగాడు, ప్రతి చుక్కకూ నొస్తున్నదనే చెప్పింది.

పొద్దు వాలేసరికి నెమలి తయారైంది. తల్లి పొడిచినదానికి ఎదురుగా, తోకకు తోక సరిగ్గా సరిపోయింది. జోడు కుదిరింది, ఇక లేస్తానని మొగులప్ప సూది కింద పెట్టబోయాడు.

చంద్రవ్వ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"తోక ఇంకింత పొడుగు వెయ్యి, కొడుకా."