డస్టర్లలో మిగిలిన పాఠాలు

ఆ ఊళ్లో రాజులు పోయారు, బళ్లూ కాలేజీలూ మిగిలాయి. వాటన్నిటిలోకీ పాతది కోటగోడను ఆనుకుని ఉన్న ఆడపిల్లల బడి. మెట్లు మధ్యలో అరిగి గిన్నెల్లా గుంటలు పడ్డాయి. నాలుగింటికి బెల్లు కొట్టగానే ఆయమ్మ గదిగదికీ తిరిగి డస్టర్లన్నీ బుట్టలో వేసుకుని, కోటగోడకేసి దులిపేది. సుద్దపొడితో పాటు ఆ రోజు చెరిపేసిన పాఠాలు కూడా, చెప్పినవాళ్ల గొంతుతోనే, బయటికొచ్చేవి. బస్సు తప్పి క్లాసు పోగొట్టుకున్న పిల్లలు అక్కడే గచ్చు మీద కూర్చుని రాసుకునేవారు. ఒకసారి దులిపితే ఆ పాఠం ఇక అంతే.

"మెల్లగా దులుపు ఆయమ్మా, చెయ్యి అందుకోవట్లేదు!"

"నా చెయ్యి ఆగినా మీ లెక్కల టీచరు నోరు ఆగుతుందా తల్లీ!"

ఆగింది. ఆ ఏడు లెక్కల టీచరుకి గొంతు ఆపరేషనయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ముప్ఫై ఏళ్లుగా ఎంత మొద్దు బుర్రకైనా లెక్క ఎక్కించిన మనిషి! పెద్ద టీచరమ్మ తల దించుకుని చెప్పింది: "సోమవారం నేనొచ్చి కూర్చుంటానండీ. పిల్లలకి అర్థమైతే సరే. లేదంటే ఇక ఆఫీసు పనే."

ఆయమ్మకి ఆ రాత్రి ఓ గోనెసంచి గుర్తొచ్చింది. కిందటేడు మోకాళ్లు పట్టేసినప్పుడు లెక్కల డస్టర్లు దులపకుండా గోనెసంచిలో కుక్కి మెట్ల కింద దాచింది. ఆఫీసులో "పాతవేవి?" అంటే "ఎలకలు కొట్టేశాయండీ" అని కొత్తవి తెచ్చుకుంది.

సోమవారం టీచరు బోర్డు మీద వృత్తం గీసింది. కిటికీ దగ్గర ఆయమ్మ గోనెసంచిలోంచి ఓ డస్టరు తీసి దులిపింది. టీచరు నిరుటి గొంతు బయటికొచ్చింది.

"చివరి బెంచీ! జడ తర్వాత అల్లుకోవచ్చు, ముందు ఇటు చూడు."

ఈ ఏటి చివరి బెంచీ పిల్ల కూడా ఉలిక్కిపడి జడ వదిలేసింది. పెద్ద టీచరమ్మకి నవ్వొచ్చింది. గొంతు చెబుతుంటే సుద్దముక్క గీస్తోంది. "వ్యాసం రెండు కొసల నుంచీ గీతలు తెచ్చి వృత్తం మీద ఎక్కడ కలిపినా అక్కడ లంబకోణమే. ఎందుకు?"

అక్కడితో ఆగిపోయింది. ఆయమ్మ ఇంకో డస్టరు తీసింది. గుడ్డ లేదు, చెక్కే ఉంది. సంచిలో మిగతావన్నీ అంతే. నిజంగానే ఎలకలు కొట్టేశాయి.

సుద్దముక్క గాలిలో నిలిచిపోయింది. పెద్ద టీచరమ్మ లేవబోయింది.

"ఎందుకంటే..." అంది ఆయమ్మ. "కేంద్రం నుంచి ఆ చోటికి ఓ గీత గీయండి. ఇప్పుడు త్రిభుజాలు రెండు. ఒక్కోదాంట్లో రెండేసి భుజాలు సమానం. అవునా తల్లీ?"

"అవును!" అన్నారు పిల్లలు.

ముప్ఫై ఏళ్లు గోడ దగ్గర విన్న మాటలు. అక్షరం రాని నోట్లోంచి ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, టీచరు చెయ్యి వాటి వెంటే నడిచింది. పెద్ద టీచరమ్మ మళ్లీ కూర్చుంది.

"రేపట్నుంచి ఇద్దరూ కలిసే రండి," అంది వెళ్తూ.

సాయంత్రం కోటగోడ దగ్గర డస్టరు దులిపితే కొత్త గొంతొకటి బయటికొచ్చింది. బస్సు తప్పిన పిల్ల రాసుకుంటూ తలెత్తింది.

"ఎవరు ఆయమ్మా ఈ టీచరు? బాగా చెబుతోంది."

లెక్కల టీచరు ఆయమ్మ చేతిలోని డస్టరు తీసి పక్కన పెట్టి, ఆ వేళ్ల మధ్య సుద్దముక్క ఉంచింది.