సీసాల్లో జీడితోట

మా బావమరిది నూకరాజు నా జీడితోటను సీసాల్లోకి ఎక్కించి జర్మనీలో అమ్ముకుంటున్నాడు. ఓడలు విరగ్గొట్టే పనికి గుజరాత్ పోతూ, తోట చూసుకోమని వాడికే అప్పగించాను. వాడు బాగానే చూసుకున్నాడు.

కంచిలిలో రైలెక్కి బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో దిగుతాను. మధ్యలో సముద్రం వస్తుంది గానీ గార్డు దాన్ని పట్టించుకోడు.

క్రిస్మస్ సంత జోరుగా ఉంది. చెక్క కొట్లు, దీపాలు, మోకాలి లోతు మంచు. సారా అమ్మే ఒకావిడ మా ఊరి సంత భాషలోనే పలకరిస్తుంది. ఆమె ముందున్న సీసాలో నిండు బేరిపండు తేలుతోంది.

"ఇంత సన్న మూతిలోంచి పండు ఎలా దూర్చారమ్మా?"

"పండును దూర్చరన్నయ్యా. పిందెగా ఉన్నప్పుడే కొమ్మకు సీసా తొడిగేస్తారు. లోపలే పెరుగుతుంది. ఆనక సారా పోస్తారు."

పక్క సీసాలో, చెర్రీ సారాలో మునిగి, నా తోట వాకిలి తడక ఉంది. తీగ ముడి నేను వేసిందే.

"ఇది నాది," అంటాను.

"అయితే తాగండి. సీసా ఖాళీ అయితేనే మీది."

అలవాటు కొద్దీ వేలు ముంచి ఒక చుక్క నేల మీద చిలకరిస్తాను. మంచు ఇంకొంచెం అడుగుతుంది. ఇవ్వను. నాది తిన్నవాళ్లు చాలు. చెర్రీ పిక్కల ఘాటు ముక్కులోకి కొడుతుంది. తడక గొంతులో అడ్డం తిరిగి, నిలువు తిరిగి, కిందికి దిగిపోతుంది.

అక్కణ్నుంచి బవేరియా పోతే, వేళ్లతో కాచిన సారా పోస్తారు. చేదు, పైగా పచ్చి మట్టి వాసన. ఆ సీసాలో నా నుయ్యి ఉంది. మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది. కరెంటు బిల్లు ఎవడు కడుతున్నాడో మరి! నుయ్యి తాగడానికి ఒక పూట పడుతుంది. చుట్టూ ఉన్న జర్మన్లు మర్యాదగా టోపీలు తీసి నిలబడతారు.

ఉత్తరాన, సముద్రం ఒడ్డున, ధాన్యపు గింజల సారా. చూడ్డానికి నీళ్లు, కొట్టడంలో సమ్మెట. ఆ కొట్లో బొచ్చు టోపీ పెట్టుకుని నూకరాజే కూర్చున్నాడు. వాడి ముందు సీసాలో నా జీడిచెట్లన్నీ పూత మీద ఉన్నాయి.

"రా బావా, చలిగా ఉంది. ఒకటి పుచ్చుకో."

"సిగ్గుందిరా నీకు? అవి నేను నాటిన చెట్లు."

"కాదన్నానా? నాటి వదిలేసి పోయావు. గాజులో ఉంటే మేకలు ముట్టవు కదా. ఎంత భద్రంగా ఉన్నాయో చూడు."

"మీ అక్క ఊళ్లో పరాయివాళ్ల తోటలో పిక్కలేరుకుంటోంది."

"అక్క మాట ఎత్తకు బావా, ఏడుపొస్తాది," అని కళ్లు తుడుచుకుని గ్లాసు నింపుతాడు.

తాగుతాను. చెట్టు వెనక చెట్టు, కొమ్మలు గీరుకుంటూ లోపలికి పోతాయి. సీసా అడుగున చుక్క కూడా మిగలనివ్వను. తోటంతా ఇప్పుడు నాలో ఉంది. ఇంక ఊరు చేర్చడమే.

"నీ పని అయిపోయిందిరా నూకరాజూ!" అనడానికి నోరు తెరుస్తాను. తెరవకుండా ఉండాల్సింది.

వాడు చెప్పులు విడిచి, నా కింది పెదవి మీద కాలు పెట్టి, వంగి లోపలికి నడుస్తాడు. తడక వేసుకుంటాడు.

"బయటికి రారా, దొంగ నా కొడకా!"

"తోట ఎక్కడుంటే కాపలా అక్కడే బావా," అంటాడు కడుపులోంచి. "అప్పగించింది నువ్వే."

గుండె మీద గుద్దుకుంటాను. పూత రాలిపోతుందని లోపలినుంచి కసురుతాడు. పళ్లు కొరుకుతాను, తడక తీగ తగులుతుంది. కాసేపటికి నా ముక్కులోంచి, చెవుల్లోంచి జీడిపిక్కలు కాల్చే పొగ మొదలవుతుంది. సంతకొచ్చిన జర్మన్లు నా చుట్టూ మూగి చేతులు కాచుకుంటారు. ఒక ముసలాయన నా భుజాలకు దీపాల తోరణం చుడతాడు. పిల్లలు కాగితం పొట్లాలు పట్టుకుని నా నోటి ముందు వరస కడతారు. నూకరాజు చెయ్యి బయటికొచ్చి, వేడివేడి జీడిపప్పు పోసి, డబ్బులు తీసుకుని లోపలికి పోతుంది.

రెండెకరాల పద్దెనిమిది సెంట్లు నా కడుపులో పండుతోంది. నాకు ఒక్క పిక్క లేదు.