కొలిన్ సిసన్స్ సమాధిలో ఉన్నవాడు

హెడ్లీ బ్లెంకిన్ మా ఊరి చరిత్ర చెబుతూ జనాన్ని తిప్పే నడకలు మొదలుపెట్టిన రోజుల్లో నడవడానికి ఊరు కాస్త ఎక్కువగానే ఉండేది. మా స్కెల్థోర్ప్ సముద్రం ఒడ్డున బంకమట్టి గట్టు మీద కట్టిన ఊరు. చలికాలం వచ్చిందంటే సముద్రం కింద నుంచి తొలుస్తుంది, పైన ఏదో ఒకటి జారిపోతుంది. ముందు రొట్టెల బట్టీ పోయింది, తర్వాత బడి, ఆ తర్వాత మా అత్తగారి ఇల్లు. వేసవి ఆదివారాల్లో హెడ్లీ మమ్మల్ని గట్టు అంచున వేసిన కంచె దాకా తీసుకెళ్ళి, నీళ్ళకేసి చెయ్యి చాపి, బడి ఎక్కడుండేదో, పిల్లలు ఏ దారిన వచ్చేవాళ్ళో చెప్పేవాడు. వచ్చే ఏడాదికి పడవ చూసుకోమని మాలో ఎవరో ఒకరు వేళాకోళం ఆడేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు.

బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయాక ఆయనకి వేసవిలో ఈ నడకలు, చలికాలంలో ఊరి హాల్లో ఉపన్యాసాలు, అంతే లోకం. హాల్లో టీ పెట్టేది నేను. అందుకని ఆయన చెప్పిన ఏ కథా నేను వినకుండా పోలేదు.

ఏ నడకైనా చర్చి పెరట్లో కొలిన్ సిసన్స్ సమాధి దగ్గర ముగిసేది. కొలిన్ పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. అరవైల్లో ఒక మార్చి నెలలో పీతలు పట్టడానికి సముద్రంలో దించిన బుట్టలు ఎత్తడానికి వెళ్ళి, తుఫానులో పడవతో సహా మునిగిపోయాడు. హెడ్లీ తండ్రి వాల్టర్ అప్పట్లో, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే మా లైఫ్‌బోటుకి సరంగు. మిగతావాళ్ళు వెతకడం మానేసినా ఆయన మానలేదు. వారం దాటాక ఒక శవాన్ని ఒడ్డుకు తెచ్చాడు. మొహం చూసి పోల్చుకునేలా లేదు. ఒంటి మీదున్న నీలం ఊలు చొక్కాను బట్టి ఇది కొలిన్ అని ఆయనే చెప్పి, తల్లి ఓలివ్‌కి అప్పగించాడు. ఈ కథ చెప్పేటప్పుడు హెడ్లీ గొంతు మారిపోయేది. మేం టోపీలు తీసి నిలబడేవాళ్ళం. ఓలివ్ మాత్రం ఒక్క నడకకీ వచ్చేది కాదు. గుర్తు చేసుకోలేక రావడం లేదనుకునేవాళ్ళం.

రెండేళ్ళ కిందట గట్టు విరిగి చర్చి పెరటి గోడ సముద్రంలో పడిపోయింది. సమాధుల్ని తవ్వి, లోపలికి పొలాల వైపు కొన్న కొత్త స్థలానికి మార్చాలని చర్చి పెద్దలు తీర్మానించారు. బంధువుల ఒప్పుకోలు కావాలన్నారు. జనం ముందుకు రావాలని హెడ్లీ ఆ చలికాలమంతా హాల్లో ఆ సమాధుల్లోని మనుషుల గురించే మాట్లాడాడు. ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. ఓలివ్ ఒక్కతే ఒప్పుకోలేదు. అప్పటికి ఆవిడకి తొంభై దాటింది. ఫాదర్ వెళ్ళి అడిగితే తలుపు తియ్యలేదట.

కొలిన్ గురించి చెప్పిన రోజు హాలు నిండిపోయింది. హెడ్లీ కథ ముగించి, ఇంత కష్టపడి తెచ్చిన బిడ్డని మళ్ళీ సముద్రానికి ఇద్దామా అని అడిగాడు. అప్పుడు వెనక తలుపు దగ్గర ఓలివ్ కనబడింది. కోటు విప్పలేదు. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు.

"హెడ్లీ, ఇక ఆపు నాయనా," అంది. "అందులో ఉన్నది నా కొడుకు కాదు."

నేను టీ కెటిల్ కింద పెట్టేశాను.

"మీరు అలిసిపోయినట్టున్నారు, ఓలివ్ గారూ. కూర్చోండి," అన్నాడు హెడ్లీ.

"వాడికి స్నానం చేయించింది నేను. ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు. పాత గాయం, మానిపోయింది. నా కొలిన్‌కి పది వేళ్ళూ ఉన్నాయి."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఇంటికి ఎవరో ఒకరు వచ్చారు కదా అనుకున్నాను," అంది ఓలివ్. "మీ నాన్న అంత దూరం మోసుకొచ్చాడు. కాదంటే తీసుకెళ్ళిపోయేవాడు."

ఆ సమాధిని తవ్వితే ఎముకలు చూసేవాళ్ళు చూస్తారు, ఎలాగూ బయటపడుతుంది, అందుకే తనే చెప్పడానికి వచ్చానంది. ఆవిణ్ణి ఇంటి దాకా నేనే దిగబెట్టాను.

తర్వాత కొన్నాళ్ళు హెడ్లీ బయట కనబడలేదు. తండ్రి పొరబడ్డాడన్న మాటే ఆయనకి మింగుడు పడలేదు. తర్వాత తనంతట తనే ఓలివ్ ఇంటికి వెళ్ళి, ఆ కుర్రాడెవరో కనుక్కుంటానన్నాడు. పాత పేపర్లు తిరగేస్తే, అదే వారం నదికి అవతలున్న గ్రిమ్స్‌బీ రేవు నుంచి బయలుదేరిన చేపల పడవ ఒకటి మనుషులతో సహా గల్లంతైందని తెలిసింది. అక్కడా మాలాగే ఊరి చరిత్ర చెప్పుకునే వాళ్ళున్నారు. వాళ్ళ సభలో ఈ సంగతి అడగమని హెడ్లీ ఫోన్ చేశాడు. అడిగారు. మావిస్ పాస్క్ అనే ముసలావిడ లేచి, తన అన్న లెన్ కాలివేళ్ళు రెండు చిన్నప్పుడే తాళ్ళు చుట్టే యంత్రంలో పడి తెగిపోయాయని చెప్పిందట.

హెడ్లీ, ఓలివ్, నేను కలిసి వెళ్ళాం. నది మీద వంతెన దాటుతుంటే ఓలివ్ కోటు దగ్గరికి లాక్కుని, చలి అంది. మావిస్ మమ్మల్ని లోపలికి పిలిచి కుర్చీలు చూపించింది కానీ టీ ఇవ్వలేదు. ఓలివ్ చెప్పిందంతా ఆఖరిదాకా విన్నది.

"మా అమ్మ ఆ తీరమంతా తిరిగింది," అంది మావిస్. "ఎక్కడ శవం కొట్టుకొచ్చిందన్నా బస్సెక్కేది. మీ ఊరికీ వచ్చింది. నేను కూడా ఉన్నాను, నాకప్పుడు పదేళ్ళు. సమాధి మీద పువ్వులు ఇంకా వాడలేదు. లైఫ్‌బోటు సరంగు ఇల్లు కనుక్కుని వెళ్ళాం. వేళ్ళ సంగతి చెప్పి అడిగింది. ఆయన మా అమ్మ మొహంలోకి చూడకుండానే, అలాంటిదేం లేదు అన్నాడు. అలాంటి కాలు నేను చూడలేదు అన్నాడు."

హెడ్లీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వట్టి కాళ్ళతోనే దొరికాడా?" అని మావిస్ ఓలివ్‌ని అడిగింది.

"అవునమ్మా. బూట్లు లేవు."

"అయితే ఆయన చూసే ఉంటాడు."

"చూసే ఉంటాడు," అంది ఓలివ్. "మీ అమ్మని నేనూ చూశాను. ఆ రోజు సమాధి దగ్గరే ఉన్నాను. గేటు అవతల నీ చెయ్యి పట్టుకుని నిలబడింది. ఎవరో తెలియదు గానీ, ఎందుకు వచ్చిందో తెలిసింది. తల తిప్పుకున్నాను."

మావిస్ లేచి వీధి తలుపు తీసింది. అరవలేదు, తిట్టలేదు. మా అన్నని మా ఊరు తెచ్చుకుంటాం, మీరు మాత్రం ఆ రోజు రావద్దు అని ఓలివ్‌తో చెప్పింది. ఓలివ్ సరేనంది.

అలాగే చేశారు. ఆ వసంతంలో సమాధి తవ్వారు, వేళ్ళ లెక్క సరిపోయింది, మావిస్ కొడుకులు వచ్చి పెట్టెను తీసుకెళ్ళారు. ఓలివ్ కిటికీ తెరలు దించేసుకుని ఇంట్లోనే ఉంది. కొత్త స్థలంలో కొలిన్ పేరుతో వట్టి రాయైనా పెడదామంటే ఒద్దంది. అబద్ధం ఒకసారి చాలంది. ఆ తర్వాత ఆవిడ ఎక్కువ కాలం లేదు. అంత్యక్రియలకి ఊళ్ళో సగం మందే వచ్చారు. రానివాళ్ళని నేను తప్పు పట్టలేదు.

హెడ్లీ నడకలు మానేస్తాడనుకున్నాం. జూన్‌లో నోటీసు అంటించాడు. ఎప్పటికన్నా ఎక్కువ మందే వచ్చారు, ఏం చెబుతాడో విందామని. చర్చి పెరటి కంచె దగ్గర ఆగి, పూడ్చిన గోతిని చూపించి, కొలిన్ సంగతీ లెన్ సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాడు. గ్రిమ్స్‌బీ నుంచి ఒక తల్లి వచ్చి అడిగిందనీ, తన తండ్రి తెలిసి కూడా అలాంటి కాలు చూడలేదన్నాడనీ కూడా చెప్పాడు. గొంతు మారలేదు, చదివినట్టు చెప్పాడు.

వాల్టర్ కింద లైఫ్‌బోటులో పనిచేసిన ముసలి సైరిల్ కర్ర నేలకేసి కొట్టాడు. "చచ్చినవాడి పరువు తియ్యడానికా మమ్మల్ని పిలిచావు? మీ నాన్న ఓలివ్ కోసం చేశాడురా అది."

"ఓలివ్ కోసమే చేశాడు," అన్నాడు హెడ్లీ. "వచ్చి అడిగిన ఆ రెండో తల్లికి ఏం చేశాడో కూడా చెప్పాలి కదా."

సైరిల్ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన వెంట ఇంకొందరు వెళ్ళారు. హెడ్లీ వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, గట్టు అంచుకి దగ్గరగా వెళ్ళొద్దని మిగిలినవాళ్ళని హెచ్చరించి, ముందుకు నడిచాడు.