నీలం అంటిన బాలు

మా మిషన్ కాంపౌండ్ వెనక మట్టి గ్రౌండు ఉండేది. రెండు టేకు స్తంభాలు, వాటి నెత్తిన రెండు ఇనుప రింగులు. సాయంత్రమైతే మా యెషయా అన్న టీము అక్కడ బాస్కెట్‌బాల్ ఆడేది. నేనూ మేబెలూ ప్రహరీ గోడెక్కి కూర్చునేవాళ్లం. ఇద్దరిలో ఎవరమూ బాలు ముట్టి ఎరగం. ఆడేవాళ్లలో వంకలు పెట్టడమే మా పని.

మేబెల్‌కు వాళ్ల తమ్ముడు జకర్యా అంటే ప్రాణం. వాడు అప్పుడప్పుడే టీములోకి వస్తున్నాడు, ఇంకా బయట కూర్చునేవాడే. మనిషి స్తంభమంత పొడుగు. కాళ్లు కూడా స్తంభంలాగే, పాతిన చోటి నుంచి కదలవు. మా అన్న సంగతా? రెండు చేతుల్తో బాలు మోకాళ్ల దగ్గరి నుంచి ఊపి వదిలాడంటే రింగులో పడాల్సిందే. కానీ ఆయనకు ఇచ్చిన బాలు మళ్లీ ఎవరికీ తిరిగి రాదు. సొంత అన్న కదా అని దాచను. ఇక పీరా. రాంగోపాల్‌పేట్ ఫకీర్ టైలర్ కొడుకు, పొట్టివాడు. బాలు వాడి చేతిలో ఊపిరి తీసుకునేంతసేపు కూడా ఆగేది కాదు. అటు చూస్తూ ఇటు ఇచ్చేవాడు. వాడి తరఫున మాట్లాడడానికి గోడ మీద అక్కాచెల్లెళ్లు ఎవరూ లేరు. అందుకే వాడి వకాల్తా నేను పుచ్చుకున్నాను.

"ఏం జేస్తడే మీ పీరా? ఒక్క గోల్ సుత ఎయ్యడు. మా జకర్యాను దించమను, చూపిస్తడు," అనేది మేబెల్.

"దించుతరు తియ్, ముందు కాళ్లు లేపుడు నేర్చుకోమను," అనేదాన్ని నేను. రెండు రోజులు మాటలుండేవి కావు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. వారం తిరగకముందే నిజాం లొంగిపోయాడు. మోండా మార్కెట్ నిండా మూడురంగుల జెండాలు. మరోపక్క రజాకార్లను ఏరుతున్నారని గొడవ. రజాకార్లు తొడిగింది ఖాకీ. ఖాకీ అంగీతో ముస్లిం పిల్లవాడు కనబడితే ముందు లారీ ఎక్కిస్తున్నారు, తర్వాతే అడుగుతున్నారు అని ఇంటింటా చెప్పుకునేవారు. మా టీము అంగీలేమో ఖాకీవే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు అమ్మేసిన గుడ్డ చవగ్గా దొరికితే ఫకీర్ టైలరే అందరికీ కుట్టాడు. మా క్రైస్తవ పిల్లలు తొడిగితే ఎవరూ ఏమీ అనరు. భయమంతా పీరాకే.

అట్లాంటప్పుడు కాంపౌండ్ పక్కన గుడారాలు వేసుకున్న సిపాయిలు మా స్తంభాలు చూశారు. శనివారం మీ పిల్లలతో మ్యాచ్ ఆడతామని పాస్టరుగారికి కబురు పెట్టారు. కాదనడానికి ఎవరికి ధైర్యం?

"పీరాను పిలవకు, యెషయన్నా," అంది మేబెల్. ఆసారి తమ్ముడి కోసం అన్నట్టు లేదు. మొహం తెల్లబోయి ఉంది.

అన్న రాంగోపాల్‌పేట్ వెళ్లి ఆ మాటే చెప్పి వచ్చాడు. పీరా వినలేదట. "టీముల ఉన్నోడు రాకుంటే దాక్కున్నడంటరన్నా. దాక్కుంటే ఇంక రజాకారే అంటరు. వస్త," అన్నాడట.

శనివారం మధ్యాహ్నం మబ్బు కమ్ముకుంది. సిపాయిలు పొట్టి నిక్కర్లు, బనీన్లు వేసుకుని దిగారు. మా వాళ్లు ఖాకీ అంగీలతో వచ్చారు. చివరగా పీరా వచ్చాడు. వాడొక్కడి అంగీ ముదురు నీలం. ఇంకా తడిగానే ఉంది.

గోడ కింద బుర్ఖాలో వాళ్లమ్మ నూర్‌బీ నిలబడి ఉంది. ఎన్నడూ గ్రౌండుకు వచ్చిన మనిషి కాదు.

"ఏందీ ఖాలా, గా రంగు?" అని గోడ మీది నుంచి వంగి అడిగాను.

"నేనే అద్దిన బిడ్డా. ఇంట్ల ఉన్న నీలిమందు మొత్తం కలిపిన. ఖాకీ కనబడకుంటే చాలు," అంది.

ఎట్లా చెప్పను ఆమెకు? అందరూ ఖాకీలో ఉంటే వాడూ వాళ్లలో ఒకడు. ఇప్పుడు గ్రౌండులో ఎవరి కళ్లైనా ముందు వాడి మీదే పడతాయి. పైగా అది బట్టలకు పెట్టే నీలం. నిలిచే రంగు కాదు. నేను ఆకాశం వైపు చూశాను. మేబెల్ కూడా అటే చూస్తోంది.

ఆట షురూ అయిన కాసేపటికి చినుకులు మొదలయ్యాయి.

పీరా బాలును రొమ్ముకు ఆనించి పట్టుకుని వెంటనే అన్నకు విసిరాడు. తోలు బాలు మీద నీలం మరక పడింది. అన్న దాన్ని కడుపుకు హత్తుకుని, ముగ్గురిని తిప్పలుపెట్టి గోల్ వేశాడు. ఆయన అంగీ ముందు భాగమంతా నీలం. ఆటలో పీరాను అడ్డుకుంటున్న హవల్దారు అరచేతులు నీలం. పీరా కాళ్ల మీదుగా నీలం నీళ్లు కారుతున్నాయి. వాన పెరిగేకొద్దీ వాడి భుజాల దగ్గర ఖాకీ బయటపడుతోంది. దాచిపెట్టినట్టు, దొరికిపోయినట్టు.

"యా ఖుదా," అంది నూర్‌బీ. మేబెల్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె గోళ్లు దిగుతున్నా నాకు తెలియలేదు.

హవల్దారు ఆట ఆపాడు. అరచేతులు చూసుకున్నాడు, పీరా అంగీ చూశాడు. ఆయన మాట తెలుగే, విజయనగరం వైపు యాస.

"ఏటి తమ్ముడూ, కింద ఖాకీ, పైన నీలం? ఏటిది?"

గుడారాల దగ్గర తుపాకులతో ఉన్న సిపాయిలు ఇద్దరు ఇటు తిరిగారు. మా అన్న ఏదో అనబోయాడు.

ఈలోపు నూర్‌బీ గ్రౌండులోకి నడిచింది. బురదలో చెప్పు ఊడిపోతే ఊడిపోనిచ్చింది.

"నేను ముంచిన నాయనా. పోరనికి ఏం తెల్వది. ఖాకీ జూస్తే పట్కపోతరంటే భయమైంది. గిది వాళ్ల ఆట అంగీ. చూడు, అందరిదీ గిదే గుడ్డ. మా ఆయననే కుట్టిండు."

హవల్దారు ఒక్కొక్క అంగీ చూశాడు. తర్వాత తన రెండు చేతులూ ఆమె ముందు చాచాడు.

"నాకూ అంటించాడమ్మా మీవోడు. నన్నూ పట్టుకుపోతారేటి?"

ఎవరూ నవ్వలేదు. ముందు ఆయనే నవ్వాడు, తర్వాత మా అన్న. ఆట మళ్లీ సాగింది. మేము ఓడిపోయాం. మా అన్న బాలు ఇచ్చి ఉంటే గెలిచేవాళ్లమే. అదిప్పటికీ చెప్తాను.

ఆట అయ్యాక హవల్దారు అన్నను పక్కకు పిలిచాడు. "దారిలో ఒంటరిగా పంపకండి. వచ్చినోళ్లంతా బంతి ఆడేవాళ్లు కారు," అన్నాడు మెల్లగా.

భయం మళ్లీ మొదటికొచ్చింది. అందరూ కలిసి పీరాను ఇంటికి దింపాలనుకున్నారు. వానలో ఒకరినొకరు రాసుకుని ఆడినవాళ్ల అంగీలన్నీ ముందూ వెనకా ఖాకీ, నీలం కలగలిసి ఏది ఎవరిదో తెలియకుండా ఉన్నాయి. బయట కూర్చున్న జకర్యా అంగీ ఒక్కటే శుభ్రంగా ఉంది. వాడు ఒకసారి అందర్నీ చూసుకున్నాడు. బాలు తీసుకుని రొమ్ముకూ, వీపుకూ, చేతులకూ రుద్దుకున్నాడు.

"ఒరేయ్, అమ్మ చంపుతది రా!" అని మేబెల్ అరిచింది. ఆ తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది.

పీరాను మధ్యలో పెట్టుకుని వాళ్లు రోడ్డు మీదికి నడిచారు. వెనకాల మేం ముగ్గురం. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా నూర్‌బీ అడుగు ఆగేది. లారీ దాటిపోయాక మళ్లీ పడేది.

"ఎవరు ఎంతసేపు బాలు పట్టుకున్నరో అంగీల మీదనే ఉంది చూడు," అన్నాను మేబెల్‌తో, ఆమె ఏడుపు ఆపడానికి. "అందరికంటె నీలం మా అన్నే."

ముక్కు తుడుచుకుంటూ చూసింది. "పీరా దగ్గర రంగే మిగల్లే," అంది.

రాంగోపాల్‌పేట్ మలుపు కనబడ్డాక నూర్‌బీ నోరు విప్పింది.

"బిడ్డా, నాకు ఆట తెల్వది. మావోడు మంచిగనే ఆడిండా?"

నేను నోరు తెరిచేలోపే మేబెల్ జవాబిచ్చింది. "అందరికంటె మంచిగ ఆడిండు ఖాలా. దొరికింది దొరికినట్టు ఇచ్చేస్తడు."

"ఇంట్ల ఒక్క రొట్టెముక్క ఇయ్యడు," అంది నూర్‌బీ. అని, మలుపు దగ్గర ఇంకో లారీ చప్పుడు వినబడి మా ఇద్దరి చేతులూ పట్టుకుంది.

లారీ ఆగకుండా పోయింది. ముందు ఒకరినొకరు ఆనుకుని నడుస్తున్న ఆరు వీపుల్లో పీరాది ఏదో నేను వెతికాను. నాకే దొరకలేదు.