గోవిందా అనేదాకా

నాచారంలో మా ఇంటి పైగదిలో అద్దెకుండే నీరజ, ఉప్పల్ దారిలోని ఒక ల్యాబ్‌లో మలేరియా పురుగులను పెంచుతుందని మా ఆవిడ కృష్ణమ్మకు శుక్రవారం తెలిసింది. సాయంత్రానికల్లా తీర్పు కూడా ఇచ్చేసింది.

"ఆ పిల్లతోని రూము ఖాళీ జేపిస్తవా, నన్ను చెంగిచెర్ల మా తమ్మునింటికి పొమ్మంటవా?"

నీరజ మంచి పిల్ల. హుజూరాబాద్ దిక్కు నుంచి వచ్చింది. ఏకాదశికి నా పూజకు పూలు తెస్తుంది. పురుగు కూడా దేవుడి సృష్టే. మలేరియా పురుగును ఏ పని మీద పుట్టించాడో స్వామిని అడగాలని ఉంది గానీ, ముందు ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. ఒకసారి ఆ పిల్ల మాట వినమన్నాను. వినదు. నీరజ కనిపిస్తే తలుపేసుకుంటుంది.

అందుకని శనివారం గుళ్ళో అన్నదానం పంక్తిలో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాను. అక్కడ పంక్తి మొదట కూర్చునే పెద్దాయన ఆగయ్య మామ "గోవిందా" అనేదాకా ఎవరూ లేవకూడదు. కృష్ణమ్మ ఆచారం తప్పే మనిషి కాదు.

పులిహోర పడగానే నీరజ మొదలుపెట్టింది. "ఆంటీ, ఆ పురుగు మన రక్తకణంల కూసొని గిట్లనే తింటది. తిని ఒకటి ఇరవై అయితది. గప్పుడు దాంట్లున్న ఒక ఎంజైమ్ 'ఇగ లెవ్వుండ్రి' అని సిగ్నల్ ఇస్తది. అన్ని ఒక్కపారే కణం పలగ్గొట్టుకొని బయటపడ్తయ్. మనకు చలిజరం. ఆ ఎంజైమ్ నోరు మూసే మందు ఎతుకుతున్నం."

"అంటే నా అసొంటిదన్నట్టు," అన్నాడు ఆగయ్య మామ.

"అవు తాతా, ఈడ నువ్వే ఎంజైమ్."

మామ మొహం వెలిగిపోయింది. మజ్జిగ అయిపోయింది. ఎంగిలి చేతులు ఎండిపోయాయి. ఆయన నోరు విప్పడు.

"మామా, జర అను. మోకాళ్ళు గుంజుతున్నయ్," అంది కృష్ణమ్మ.

"ఆగు బిడ్డా. నేను నోరు మూస్తె అందరు లోపల్నే ఉంటరో లేదో సూద్దాం."

గుమ్మం దగ్గర రెండో పంక్తి వాళ్ళు ఆకలితో సణుగుతున్నారు. వాళ్ళలోంచి ఆటో నడిపే బాలరాజు ఇక ఆగలేక "గోవిందా!" అని కేక పెట్టాడు. పంక్తంతా ఒక్కసారి లేచింది.

చేతులు కడుక్కుంటూ కృష్ణమ్మ తనంతట తానే నీరజను పలకరించింది. "పిల్లా, ఆ పురుగులల్ల గుడ బాలరాజు అసొంటోడు ఉంటె?"

నీరజ నిట్టూర్చింది. "ఉంటడు ఆంటీ. ఒకదాని నోరు మూస్తె ఇంకోటి అందుకుంటది. గందుకే పని ఒడుస్తలేదు."

"మరి నీ బట్టలకు అంటుకొని మా ఇంటికొస్తయా?"

"అది అంటేది కాదు ఆంటీ. దోమ కుట్టాలె. మా ల్యాబ్‌ల దోమలే లేవు." నీరజ నా వైపు చూసి కాస్త తటపటాయించింది. "దోమలున్నది మన మిద్దె మీద. నీళ్ళ ట్యాంకుకు మూత లేదు. అంకుల్‌కు ఎన్నిసార్లు జెప్పిన్నో."

కృష్ణమ్మ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"ఖాళీ జెయ్యాల్సింది నువ్వు గాదు బిడ్డా," అంది.

ఆ సాయంత్రం ఉప్పల్‌లో ట్యాంకు మూత కొని, బస్సులో అందరి తిట్లూ తింటూ తెచ్చాను. మిద్దె మీద వాళ్ళిద్దరూ ట్యాంకు కడుగుతున్నారు. బస్సులో పడ్డ తిట్ల సంగతి చెప్పబోయాను.

"సప్పుడు జెయ్యక వచ్చి మూత పట్టు," అంది కృష్ణమ్మ.